అరకులో భోజనం ఎక్కడ? హోటల్ పేరు కన్నా ముందు గడియారం చూడండి

విశాఖలో ఉంటున్న పాపానికి, అక్టోబరు వచ్చిందంటే చుట్టాలూ స్నేహితులూ కలిపి కనీసం పదిమంది నాకు ఫోన్ చేసి ఒకటే అడుగుతారు: "అరకులో మంచి హోటల్ ఏది?" నేనూ ఒకటే తిరిగి అడుగుతాను: "ఎన్నింటికి తింటారు?"

వెటకారం కాదు. కొన్నేళ్ల కిందట డిసెంబరు ఆదివారం నాడు ఎనిమిదిమందిమి వెళ్లాం. చాపరాయి నీళ్లలోంచి పిల్లల్ని బయటికి లాగేసరికే మూడైంది. బజారుకు చేరేసరికి మూడున్నర. మెస్సు గుమ్మంలోనే ఆవిడ చేతులు తుడుచుకుంటూ, "ఏటి బాబూ, ఇప్పుడొచ్చేరు? అన్నం అయిపోనాది" అంది. పక్కదీ అంతే. చివరికి ఒక పెద్ద రెస్టారెంట్‌లో టేబుల్ దొరికింది. ఆర్డరిచ్చిన గంటంపావుకు ఫ్రైడ్ రైస్ వచ్చింది, అదీ చల్లారి. మా అత్తయ్యకు షుగర్. ఆ గంటంపావూ ఆవిడ చేతిసంచీలోని మేరీ బిస్కట్లే ఆవిణ్ని కాపాడాయి.

తప్పు హోటళ్లదని అప్పుడు అనుకున్నాను, ఇప్పుడు అనుకోను. అరకు చిన్న ఊరు. మామూలు రోజుల్లో ఖాళీగా ఉండే బజారు, వలిసె పూలు పూసే నవంబరు, డిసెంబరు శని ఆదివారాల్లో కిక్కిరిసిపోతుంది. వంటవాడు పొద్దున్నే ఒక అంచనా వేసుకుని ఎసరు పెడతాడు. ఎక్కువ వండితే నష్టం, తక్కువ వండితే మనకు ఆకలి. నష్టం తన జేబులోది కాబట్టి తక్కువకే మొగ్గుతాడు. నేనైనా అంతే చేస్తాను.

ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

అన్నిటికన్నా ముందు వేళ. మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి ఒకటిన్నర మధ్య తినగలిగితే అరకులో ఎక్కడైనా పరవాలేదు. రెండు దాటితే మీకున్న దారులు సగమవుతాయి. రాత్రి కూడా అంతే. చలికాలంలో తొమ్మిదికల్లా బజారు సద్దుమణుగుతుంది. నగరంలోలాగా పదిన్నరకు బయల్దేరి బిర్యానీ తిందామంటే కుక్కలు తప్ప ఎవరూ కనబడరు.

రెండోది తల లెక్క. ఇద్దరైతే ఎక్కడైనా సర్దుకోవచ్చు. ఆరుగురు దాటితే ముందు చెప్పకుండా ఎక్కడికీ వెళ్లొద్దు.

మూడోది బాత్రూమ్. దీని గురించి ఎవరూ రాయరు. ఆడవాళ్లూ చిన్నపిల్లలూ పెద్దవాళ్లూ ఉన్న గుంపులో మాత్రం భోజనం ఎక్కడో తేల్చేది చాలాసార్లు ఇదే. రోడ్డు పక్క బండి దగ్గర అది ఉండదు. మెస్సులో ఉన్నా లేనట్టే. రిసార్ట్‌లో ఉంటుంది.

కారం, నూనె, నీళ్లు ఎలాగూ చూసుకుంటారు. డబ్బు గురించి ఒక్క ముక్క: గూగుల్ పే, ఫోన్‌పే నడుస్తాయి కానీ ఘాట్‌లోనూ పల్లెల్లోనూ సిగ్నల్ వచ్చిపోతుంటుంది. చిల్లరతో సహా నోట్లు జేబులో ఉండాలి.

ఒక్క చూపులో

| ఎక్కడ | ఏ వేళకు | ఎవరికి నప్పుతుంది | చిక్కు |
|---|---|---|---|
| రిసార్ట్ రెస్టారెంట్ | ఉదయం టిఫిన్, రాత్రి భోజనం | పెద్దవాళ్లు, పసిపిల్లలు, పెద్ద గుంపు | ఆలస్యం, బిల్లు ఎక్కువ |
| బజారు మెస్సు | 12.30 నుంచి 1.30 | రైల్లో వచ్చి అదే రోజు వెళ్లేవాళ్లు, శాకాహారులు | రెండు దాటితే అన్నం ఉండదు |
| బొంగు చికెన్ బండి | 11 నుంచి చీకటి పడేదాకా | కుర్రకారు, బైకుల మీద వచ్చేవాళ్లు | అన్నం దొరకదు, బాత్రూమ్ లేదు |
| హోమ్‌స్టే, పల్లెలో వంట | ముందురోజు చెప్పిన వేళకు | తీరికున్నవాళ్లు | అప్పటికప్పుడు కుదరదు |
| ఇంటి క్యారేజీ, ఎస్.కోట (శృంగవరపుకోట) టిఫిన్ | ఘాట్ ఎక్కేముందు | అందరికీ, ముఖ్యంగా పత్యం ఉన్నవాళ్లకు | కోతులు |

రిసార్ట్ రెస్టారెంట్

ఏపీ టూరిజం వాళ్ల హరిత రిసార్ట్‌లు అరకులోనూ అనంతగిరిలోనూ ఉన్నాయి. ఇవి కాక ప్రైవేటువి బోలెడు. దాదాపు అన్నిటిలోనూ మెనూ ఒకే ధోరణి: పొద్దున ఇడ్లీ, పూరీ, ఉప్మా. మధ్యాహ్నం, రాత్రి ఆంధ్ర భోజనం, కొంత ఉత్తరాది, కొంత చైనీస్.

వీటిలో తప్పకుండా తినాల్సింది రాత్రి భోజనం. చలిలో, చీకట్లో, తెలియని రోడ్డు మీద బండి తీయక్కర్లేదు. కానీ ఆర్డర్ ఇచ్చే పద్ధతి మార్చుకోవాలి. ఎనిమిదిన్నరకు అందరూ ఒక్కసారే దిగుతారు, వంటింట్లో ఉండేది ఇద్దరో ముగ్గురో. అందుకే సాయంత్రం ఆరింటికి టీ తాగుతున్నప్పుడే, "రాత్రి ఎనిమిదికి ఎనిమిదిమందికి చపాతీ, పప్పు, కోడి కూర, పెరుగన్నం" అని చెప్పేసి రండి. ఆ నాలుగూ అందరికీ సరిపోతాయి. తలా ఒక రకం చెప్పారా, ముందు వచ్చినవాడు తినడం అయిపోయాక గానీ చివరివాడి ప్లేటు రాదు.

మెనూ కార్డు పన్నెండు పేజీలుంటే మురిసిపోకండి. కొండ మీద చిన్న ఊళ్లో, రోజూ జనం ఉండని చోట, అన్ని రకాలూ తాజాగా ఎలా ఉంచుతారు? పనీర్, ఫ్రోజెన్ వేపుళ్లు వదిలేసి "ఇవాళ ఏం వండారు?" అని అడగండి. వడ్డించే కుర్రాడు నిజమే చెబుతాడు.

బిల్లు దగ్గర రెండు మాటలు. మామూలు రెస్టారెంట్‌లో జీఎస్టీ 5 శాతం. సర్వీస్ ఛార్జీ వేరు, అది పన్ను కాదు. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం దాన్ని హోటలు తనంతట తాను బిల్లులో కలపకూడదు. కలిపితే తీసేయమని అడగొచ్చు. వడ్డించిన కుర్రాడికి మీ చేత్తో మీరు ఇవ్వడం వేరే సంగతి, అది ఇవ్వండి.

బజారు మెస్సులు

రైల్వే స్టేషన్ నుంచి ఆర్టీసీ కాంప్లెక్స్ దాకా నడిస్తే భోజన హోటళ్లు, టిఫిన్ బళ్లు కనిపిస్తూనే ఉంటాయి. పేర్లు ఇవ్వను. ఈ ఏడు బాగున్న మెస్సు వచ్చే ఏటికి చేతులు మారొచ్చు. గుర్తు పట్టే పద్ధతి చెబుతాను: పన్నెండున్నరకు జీపు డ్రైవర్లు, బ్యాంకు ఉద్యోగులు, బడి మాస్టర్లు ఎక్కడ కూర్చున్నారో చూడండి. వాళ్లు రోజూ తినేవాళ్లు. పొట్ట పాడైతే మర్నాడు రారు. టూరిస్టు కార్లు మాత్రమే ఆగిన చోటు బాగుండొచ్చు, ఉండకపోవచ్చు.

నా ఓటు మధ్యాహ్నానికి మెస్సుకే. అన్నం వేడిగా ఉంటుంది, పప్పూ చారూ అప్పుడే దించినవి, మారు అన్నానికి మొహం చిట్లించరు. మేం మళ్లీ మళ్లీ వెళ్లే ఒక చోట చారులో మిరియం ఘాటు గొంతులో నిలుస్తుంది. ఇక్కడ కాఫీ తోటల్లో నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లకు అల్లుకునేవి మిరియాల తీగలే మరి. రాజ్మా కూర కనబడితే వదలకండి. అది ఉత్తరాది ఢాబా వంటకం అనుకుంటాం గానీ, ఏజెన్సీ రైతులు ఏనాటి నుంచో పండిస్తున్న గింజ.

కార్తీక మాసంలో వచ్చేవాళ్లకు ఒక మాట. "వెజ్ ఉందా?" అని అడిగితే అందరూ ఉందనే అంటారు. ఉల్లి, వెల్లుల్లి కూడా తిననివాళ్లయితే, గరిటెలు, మూకుళ్లు వేరుగా ఉండాలనుకుంటే ఆ ప్రశ్న సరిపోదు. "చికెన్ ఇక్కడ వండుతారా?" అని అడగండి. జవాబు వెంటనే తేలిపోతుంది. అంత నియమం ఉన్నవాళ్లకు ఇంటి క్యారేజీయే నయం.

బొంగు చికెన్

అరకు అనగానే అందరి నోళ్లూ ఊరేది దీనికే. బొర్రా జంక్షన్, అనంతగిరి, కటికి జలపాతం దారి, చాపరాయి, ఎక్కడ చూసినా పొయ్యి మీద వరసగా వాల్చిన వెదురు బొంగులే. అన్నీ ఒకేలా కనిపిస్తాయి. ఒకటి కావు.

సరిగా చేసేది ఇలా ఉంటుంది. పచ్చి వెదురు, ఒక వైపు కణుపు మూసి, ఇంకో వైపు తెరిచి నరికింది. చికెన్ ముక్కలకు ఉప్పు, కారం, పసుపు, అల్లం వెల్లుల్లి, మసాలా పట్టించి లోపలికి కూరతారు. నూనె చుక్క వెయ్యరు. మూతికి అడ్డాకు ఉండచుట్టి గట్టిగా బిగిస్తారు. నిప్పుల మీద తిప్పుతూ అరగంట, ముప్పావుగంట. ఆ పచ్చి బొంగులోని తేమే లోపల ఆవిరై ముక్కను ఉడికిస్తుంది. పైన ఆకుపచ్చ రంగు మొదట పసుపుకు తిరిగి, తర్వాత అక్కడక్కడ నల్లబడుతుంది. ఆకు మూతి దగ్గర సన్నగా ఆవిరి తన్నుతూ, చిట్‌చిట్‌మని రసం పొంగడం మొదలైతే అయిపోవచ్చిందని అర్థం. బోర్లించి దులిపితే ముక్కలు ఆకు మీదకు ఒక్కసారిగా జారతాయి. ఆ వాసన మసాలాది సగం, వెదురుది సగం.

అంటే దీనికి అరగంట పైనే పట్టాలి. మీరు కారు దిగీ దిగగానే అయిదు నిమిషాల్లో చేతికిచ్చారంటే అది ఎప్పుడో కాల్చి, మళ్లీ వేడి చేసింది. లేదా వేరే గిన్నెలో వండి బొంగులో పోసింది. ఒకసారి బొర్రా దారిలో ఒకామెను "ఎంతసేపు పడుద్దమ్మా?" అని అడిగితే, "ఇప్పుడే కట్టినాను బాబూ, నువ్ గుహలు సూసి రా" అంది. చూసి వచ్చేసరికి తయారు. వాడుకోవాల్సిన కిటుకు ఇదే: గుహల్లోకి వెళ్లేముందు ఆర్డరివ్వండి, వచ్చాక తినండి.

బేరానికి ముందు మూడు అడగాలి. ధర కిలోకా, బొంగుకా? తూకం పచ్చి ముక్కదా, కాల్చాక వచ్చిందా? కాలితే తగ్గుతుంది కాబట్టి ఇక్కడే గొడవలొస్తాయి. చికెన్ ఎక్కడ పెట్టారు? మసాలా పట్టించిన టబ్బు ఎండలో మూత లేకుండా ఉంటే పక్క బండికి నడవండి. తినేముందు అన్నిటికన్నా లావైన ముక్కను ఎముక దాకా విప్పి చూడండి. ఎర్రగా ఉంటే మొహమాటం లేకుండా మళ్లీ నిప్పుల మీద పెట్టమనండి. ఏమీ అనుకోరు.

ఇది భోజనం కాదు, చిరుతిండి కన్నా ఎక్కువ, అంతే. దీన్నే నమ్ముకుని అన్నం మానేస్తే సాయంత్రం నాలుక్కి మళ్లీ ఆకలి. పక్కన కాల్చిన మొక్కజొన్న పొత్తు ఒకటి తీసుకుంటే నయం. పిల్లలకు కారం ఎక్కువవుతుంది, తగ్గించి కట్టమని ముందే చెప్పాలి. కట్టాక చేసేదేం లేదు.

హోమ్‌స్టేలూ పల్లె వంటా

ఇది అందరికీ చెప్పను. రాత్రి ఉండి, మర్నాడు కూడా పరుగు లేనివాళ్లకే. కావాల్సింది డబ్బు కన్నా తీరిక.

ఏజెన్సీ ఇళ్లల్లో రోజూ తినేది హోటల్ మెనూలో ఉండదు. చోడి అంబలి, సామలన్నం, వానాకాలమైతే వెదురు కొమ్ముల (లేత మొలకల) కూర, అడవి దుంపలు. చోళ్లంటే రాగులేనని మా ఉత్తరాంధ్ర వాళ్లకు చెప్పక్కర్లేదు, మిగతావాళ్లకు చెప్పాలి. వీటిని వండించుకోవాలంటే ముందురోజే చెప్పాలి. నాటుకోడి అడిగారంటే మరీను. కోడిని పట్టాలి, కోయాలి, అది మెత్తబడేదాకా పొయ్యి మీద ఉండాలి. బ్రాయిలర్‌లా ఇరవై నిమిషాల్లో దిగదు.

ఉప్పూ కారం తక్కువగా ఉంటాయి. కోస్తా నాలుకకు మొదటి ముద్ద చప్పగా అనిపిస్తుంది. పచ్చిమిరపకాయ అడిగి పుచ్చుకోండి, "టేస్టు లేదు" అనకండి. జీలుగు కల్లు తెస్తామని ఎవరైనా అంటే, తెల్లవారుజామున దించింది కొంచెం రుచి చూడటం వేరు, మధ్యాహ్నం దాకా పులిసిందాన్ని తాగి ఘాట్‌లో బండి నడపడం వేరు. రెండోది వద్దు.

క్యారేజీ, ఎస్.కోట టిఫిన్

కారులో వచ్చేవాళ్లు తరచూ చేసే పొరపాటు విశాఖలో ఖాళీ కడుపుతో బయల్దేరి "అరకులో టిఫిన్ చేద్దాం" అనుకోవడం. దూరం 115 కిలోమీటర్ల దాకా ఉంటుంది, అందులో ఘాట్ రోడ్డు మలుపులు. మైదానంలో చివరి పెద్ద ఊరు శృంగవరపుకోట, అక్కడే ఆగి తినేయండి. ఇడ్లీ మేలు. పూరీ, మసాలా దోశ తిన్న పిల్లలు అనంతగిరి దాటేలోపు ఏం చేస్తారో వెనక సీట్లో కూర్చున్నవాళ్లకు తెలుసు.

ఇంటి నుంచి పులిహోర, దద్ధోజనం కట్టుకెళ్లడాన్ని చిన్నచూపు చూసేవాళ్లున్నారు. పెద్దవాళ్లతో వెళ్తే దీన్ని మించింది లేదు. అయితే బొర్రా దగ్గర డబ్బా మూత తీయకండి. కోతులు. ఒకసారి మా మేనకోడలి చేతిలోంచి చక్కిలాల ప్యాకెట్ లాక్కుని, ఎదురుగానే గోడమీద కూర్చుని విప్పుకుని తిన్నది. ఆ పిల్ల ఏడవాలో నవ్వాలో తెలియక నిలబడిపోయింది. పద్మాపురం తోటలోనో, కారులోనో తినండి. వనభోజనమని రిజర్వ్ ఫారెస్టులో పొయ్యి మాత్రం వెలిగించొద్దు, అది నేరం.

కాఫీ సంగతి వేరే

అరకు వెళ్లి టీ తాగి వచ్చేవాళ్లను చూస్తే నాకు ఆశ్చర్యం. ఇక్కడి అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కానీ తోట పక్కనే ఉన్నా బండి మీది కాఫీ చాలాచోట్ల ఇన్‌స్టంట్ పొడే. "డికాక్షనా, ఇన్‌స్టంటా?" అని అడిగి మరీ తాగండి. ఊళ్లోని కాఫీ మ్యూజియంలో కూర్చుని తాగొచ్చు. ఇంటికి పొడి కొంటే పొట్లం మీద చికోరీ శాతం చదవండి. 1956లో పెట్టిన గిరిజన సహకార సంస్థ, అదే జీసీసీ, దుకాణంలో కాఫీతో పాటు తేనె కూడా దొరుకుతుంది.

మరి మీరెవరు?

రైల్లో వచ్చి సాయంత్రం బండికి వెళ్లిపోయేవాళ్లయితే: కిరండూల్ పాసింజర్ దిగేసరికి పదకొండు అవుతుంది, ఆలస్యమైతే ఇంకా పైన. మ్యూజియం చూసి, పన్నెండున్నరకు మెస్సు, తర్వాత పద్మాపురం. చాపరాయి ముందు పెట్టుకున్నారా, నా డిసెంబరు ఆదివారం మీకూ తప్పదు.

పసిపిల్లలూ పెద్దవాళ్లూ ఉంటే రెండు పూటలా రిసార్ట్, మధ్యాహ్నానికి క్యారేజీ. బొంగు చికెన్ రుచికి ఒకటి, పార్శిల్‌గా.

కొత్త దంపతులు రిసార్ట్‌లో రాత్రి భోజనం ఒక్కటే ఉంచుకుని, మిగతాదంతా రోడ్డు మీద తినొచ్చు. ఇద్దరికి ఎక్కడైనా చోటుంటుంది.

బైకుల గుంపులకు సలహా అక్కర్లేదు, వాళ్లెలాగూ బొంగు దగ్గరే ఆగుతారు. మాడగడలో మేఘాలు చూడటానికి తెల్లవారకముందే లేచేవాళ్లు మాత్రం ముందురోజు రాత్రే అరటిపళ్లు, బ్రెడ్ కొని పెట్టుకోండి. ఆ చలిలో కొండ మీద టీ దొరికితే మీ అదృష్టం.

మొన్న జనవరిలో మళ్లీ అదే ఎనిమిదిమందిమి వెళ్లాం. ఈసారి అత్తయ్య ఎవరినీ నమ్మలేదు. అంతకుముందే సంపాదించి పెట్టుకున్న మెస్సు నంబరుకు అనంతగిరి దగ్గర సిగ్నల్ అందగానే ఫోన్ చేసి ఎనిమిది భోజనాలు తీసిపెట్టమంది. ఒంటిగంటకు గుమ్మం ఎక్కేసరికి లోపల్నుంచి, "మీరేనేటండి ఫోను సేసినోలు?" అని వినబడింది. బల్ల మీద ఎనిమిది ఆకులు పరిచి, నీళ్లు చిలకరించి ఉన్నాయి. బయట కారుల్లోంచి అప్పుడప్పుడే దిగుతున్నవాళ్లు మా వంక చూస్తున్నారు.